జీవకణంలోకి పంపే రేణువు ఎంత ఉండాలి? పరిమాణం ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

నానోమందుల మీద ప్రాజెక్టు మొదలుపెట్టే ఎం.ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులు తొలిరోజుల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ పరిమాణం రేణువు కణంలోకి బాగా వెళ్తుంది? ఎవరిని అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది, 50 నానోమీటర్లని (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు). ఆ జవాబు తప్పు కాదు. అయితే అది ఒక రకం కణానికి, ఒక రకం పదార్థానికి, ఒక రకం లెక్కకు సంబంధించిన జవాబు. మీ కణం వేరైనా, మీరు లెక్కించేది వేరైనా ఆ అంకె మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. రేణువులు కొనడానికో, తయారు చేయడానికో డబ్బు, నెలల శ్రమ ఖర్చుపెట్టబోయే వాళ్లు ముందుగా ఈ తేడాలు తెలుసుకోవాలన్నదే నా తాపత్రయం.

50 అనే అంకె ఎక్కడిది?

2006లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం చేసిన ప్రయోగం దీనికి మూలం. దేవికా చిత్రాని మొదటి రచయితగా వచ్చిన ఆ పరిశోధనాపత్రంలో 14, 30, 50, 74, 100 నానోమీటర్ల బంగారు రేణువులను హెలా కణాలకు (ప్రయోగశాలల్లో పెంచే ఒక రకం మానవ క్యాన్సర్ కణాలకు) ఇచ్చి, ఒక్కో కణంలోకి ఎన్ని వెళ్లాయో లెక్కించారు. 14 నానోమీటర్లవి కణానికి సుమారు 3,000, 50వి సుమారు 6,000, 74వి మళ్లీ సుమారు 3,000 వెళ్లాయి. గ్రాఫులో 50 దగ్గర స్పష్టమైన శిఖరం కనిపించింది. అంతకు ముందు ఏడాది హువాజియాన్ గావ్, సహచరులు భౌతికశాస్త్ర సమీకరణాలతో కట్టిన అంచనా కూడా ఇక్కడికే వచ్చింది: వ్యాసార్థం 30 నానోమీటర్లకు కాస్త అటూఇటుగా ఉంటే కణత్వచం (కణం పైపొర) రేణువును అతి తక్కువ సమయంలో చుట్టేస్తుంది. 2008లో చాన్ బృందమే రొమ్ము క్యాన్సర్ కణాల మీద హెర్సెప్టిన్ అనే యాంటీబాడీ మందు పూసిన రేణువులతో మరో ప్రయోగం చేస్తే, 40–50 నానోమీటర్ల దగ్గరే ప్రభావం ఎక్కువగా కనిపించింది. సిద్ధాంతం, ప్రయోగం ఇలా కలిసి రావడంతో 50 అనే అంకె స్థిరపడిపోయింది.

ఇప్పుడు అవే అంకెలను ఇంకో రకంగా చూడండి. గోళం ఘనపరిమాణం వ్యాసం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. 50 నానోమీటర్ల రేణువు ఒక్కోటి సుమారు 1.26 ఫెమ్టోగ్రాములు, 74ది సుమారు 4.1 ఫెమ్టోగ్రాములు తూగుతాయి. 6,000 రేణువులంటే ఒక కణంలో సుమారు 8 పీకోగ్రాముల బంగారం (వెయ్యి ఫెమ్టోగ్రాములు ఒక పీకోగ్రాము). 74 నానోమీటర్లవి 3,000 అంటే సుమారు 12 పీకోగ్రాములు! 14 నానోమీటర్లవైతే 3,000 కలిపినా 0.08 పీకోగ్రాములే. అంటే ఈ మూడింటిలో రేణువుల సంఖ్య చూస్తే 50 గెలిచింది, బరువు చూస్తే 74 గెలిచింది. ఉపరితల వైశాల్యం లెక్క కడితే ఆ రెండూ దాదాపు సమానం.

ఎంపిక మొత్తానికీ ఇదే కీలకం. మీ మందు రేణువు లోపల నిండి ఉంటే మీకు కావలసింది బరువు లెక్క. మందు రేణువు పైన అతికి ఉంటే వైశాల్యం లెక్క. రేణువు ఒక్కోటీ ఒక్కో సంకేతంగా పనిచేస్తే, ఉదాహరణకు ఒక్కో రేణువు కొన్ని గ్రాహకాలను (కణం పైపొర మీద ఉండి రేణువును పట్టుకునే ప్రొటీన్లను) ఒకచోటికి లాగడం వల్లే ఫలితం వస్తుంటే, అప్పుడు సంఖ్య లెక్క. ఈ నిర్ణయం తీసుకోకుండా ఏది బాగా వెళ్తుందని అడిగితే, ఎవరు చెప్పిన జవాబైనా మీకు సగమే పనికొస్తుంది.

మరీ చిన్నదైనా, మరీ పెద్దదైనా ఇబ్బంది ఎందుకు?

కణత్వచాన్ని వంచడానికి శక్తి కావాలి. ఒక గోళం చుట్టూ పొరను పూర్తిగా వంచడానికి పట్టే శక్తి, గోళం చిన్నదైనా పెద్దదైనా, దాదాపు ఒక్కటే. ఆ శక్తి రావలసింది రేణువుకూ గ్రాహకాలకూ మధ్య ఏర్పడే బంధాల నుంచే. రేణువు చిన్నదైతే దాని ఉపరితలం మీద బంధాలకు చోటు తక్కువ, పొర మాత్రం అంతే గట్టిగా ఎదురు తిరుగుతుంది. పెన్సిల్ చుట్టూ మందపాటి జంపఖానాను బిగుతుగా చుట్టబోతే ఎలా విడివడుతుందో ఇదీ అంతే. అందుకే పది, పదిహేను నానోమీటర్ల రేణువు ఒంటరిగా ఉన్నంతసేపు లోపలికి పోవడం కష్టం. పక్కపక్కన కొన్ని చేరి ఒక గుంపుగా మారితే అప్పుడు పొర వంగుతుంది.

పెద్ద రేణువుకు బంధాల కొరత లేదు. దానికి కొరత సమయం, గ్రాహకాలు. 100 నానోమీటర్ల రేణువు ఉపరితలం 50 నానోమీటర్ల రేణువుకు నాలుగు రెట్లు. అంత ఉపరితలాన్ని కప్పడానికి చుట్టుపక్కల గ్రాహకాలన్నీ పొర మీద జరుగుతూ రావాలి. ఒక్కో రేణువు అన్ని గ్రాహకాలను ఆక్రమించుకుంటే తర్వాత వచ్చేవాటికి మిగలవు. అందువల్ల సంఖ్య తగ్గుతుంది. ఈ రెండు ఇబ్బందులూ తక్కువగా ఉండే మధ్యస్థానమే ఆ 50.

ఈ వివరణ అంతా గ్రాహకాల ద్వారా లోపలికి తీసుకునే మామూలు కణాలకు వర్తిస్తుంది. మాక్రోఫేజ్ లాంటి భక్షక కణాలు ఇలా పొర వంగేదాకా ఊరికే ఉండవు. అవి ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులతో పొరను ముందుకు తోసి రేణువును తామే మింగుతాయి. వాటికి నియమాలు వేరు, ఆ సంగతి కిందకు వద్దాం.

పది నానోమీటర్ల లోపు

ఇంత చిన్నవాటిని కణంలోకి మందు మోయడానికి నేను సిఫారసు చేయను. మోయగలిగే బరువు అతి తక్కువ. వీటి విలువ వేరేచోట ఉంది. 2007లో హాక్ సూ చోయ్, జాన్ ఫ్రాంజియోనీ బృందం క్వాంటమ్ డాట్లను (మెరిసే అతి చిన్న స్ఫటికాలను) ఎలుకలకు ఎక్కించి చూసినప్పుడు, ద్రవంలో వ్యాసం 5.5 నానోమీటర్ల కంటే తక్కువ ఉన్నవి మూత్రంలో త్వరగా బయటికి పోయాయి. శరీరంలో నిలిచిపోకూడని చిత్రణ పదార్థం కావాలంటే ఇది గొప్ప గుణం. రక్తంలో తిరుగుతూ ఉండవలసిన మందుకు ఇదే గుణం శాపం.

కేంద్రకంలోకి వెళ్లాలనుకునే వాళ్లూ ఈ పరిమాణం వైపే చూస్తారు. కేంద్రక రంధ్రాల గుండా వాటంతట అవి జారిపోగలిగేవి పది నానోమీటర్ల లోపువే. సరైన సంకేత పెప్టైడ్ అతికిస్తే 39 నానోమీటర్ల వరకు వెళ్లగలవని 2002లో పాంటే, కాన్ చూపించారు. కాబట్టి కేంద్రకం గమ్యమైతే రేణువును మరీ చిన్నది చేయడం కంటే సంకేతం అతికించడం మీద శ్రమ పెట్టడం మేలు.

20 నుంచి 60 వరకు

కణసంవర్ధనలో, అంటే పళ్లెంలో పెరిగే మామూలు ఎపిథీలియల్ కణాల మీద గ్రాహక ఆధారిత ప్రవేశాన్ని చదవాలంటే ఇదే సరైన చోటు. క్లాత్రిన్ గుంటలకు, అంటే కణం క్లాత్రిన్ అనే ప్రొటీన్ సాయంతో లోపలికి వంచే పొర గుంటలకు, ఇవి సులువుగా సరిపోతాయి. కానీ ఈ పరిమాణం అసలు బలం జంతువు శరీరంలో తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ కణాన్ని చేరడమే పెద్ద పని.

రెండు ఉదాహరణలు చెబుతాను. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో హబ్బెల్, స్వార్ట్జ్ బృందాలు 2007లో ఎలుకల చర్మంలోకి 25, 100 నానోమీటర్ల రేణువులను ఎక్కించాయి. 25వి లింఫ్ నాళాల్లోకి చేరి, లింఫ్ గ్రంథుల్లో ఉన్న డెండ్రైటిక్ అనే రోగనిరోధక కణాలను సమర్థంగా అందుకున్నాయి. 100వి వాటిలో దాదాపు పదోవంతు సామర్థ్యమే చూపాయి. అవి ఎక్కువగా చర్మంలో ఇంజెక్షన్ చేసిన చోటే ఉండిపోయాయి. టీకా రేణువులు తయారు చేసేవాళ్లు ఈ ఫలితాన్ని మనసులో ఉంచుకోవాలి.

రెండోది టోక్యోలో కజునొరి కతావోకా బృందం 2011లో ప్రచురించినది. 30, 50, 70, 100 నానోమీటర్ల, అణువులు వాటంతట అవే గుమిగూడి ఏర్పడే పాలిమర్ మిసెల్‌లలో ప్లాటినం మందు నింపి ఎలుకల్లో పెంచిన కణితులకు ఇచ్చారు. రక్తనాళాలు బాగా కారే కణితిలోకి నాలుగు పరిమాణాలూ చొచ్చుకుపోయాయి. కానీ క్లోమగ్రంథి క్యాన్సర్ లాంటి, పీచు కణజాలంతో బిగుసుకున్న కణితిలోకి 30 మాత్రమే వెళ్లగలిగింది. పళ్లెంలో 100 నానోమీటర్ల మిసెల్ కణంలోకి ఎంత బాగా వెళ్లినా, కణితిలో కణం దాకా అది చేరకపోతే ఆ సామర్థ్యానికి అర్థం లేదు. క్లోమ క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లు 30 నుంచే మొదలుపెట్టాలని నా గట్టి సలహా.

80 నుంచి 200: మందులు నిజంగా ఉన్న చోటు

50 అంత మంచిదైతే ఆసుపత్రుల్లో వాడుతున్న నానోమందులు చాలావరకు దానికంటే పెద్దవిగా ఎందుకున్నాయి? 1995లో అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందు డాక్సిల్ లైపోజోమ్ (కొవ్వు పొరతో చేసిన సూక్ష్మమైన బుడగ) సుమారు 80–90 నానోమీటర్లు. 2005లో వచ్చిన మరో క్యాన్సర్ మందు అబ్రాక్సేన్ సుమారు 130. కాలేయానికి ఆర్‌ఎన్‌ఏను మోసే పాటిసిరాన్‌లోనూ, కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లోనూ ఉన్న లిపిడ్ రేణువులు 100 దరిదాపుల్లోవే.

ఒక కారణం మోసే బరువు. లైపోజోమ్‌కు గోడే నాలుగైదు నానోమీటర్ల మందం. మొత్తం వ్యాసం 30 అయితే లోపల మందుకు మిగిలేది సుమారు 20 నానోమీటర్ల గోళం. 90 అయితే 80 నానోమీటర్ల గోళం. ఘనపరిమాణంలో అది 64 రెట్లు! రేణువు కాస్త నెమ్మదిగా లోపలికి వెళ్లినా, వెళ్లిన ప్రతిదీ అంత మందు మోసుకెళ్తుంది. బరువు లెక్క ఎందుకు ముఖ్యమని పైన అంతగా చెప్పానో ఇక్కడ తేలుతుంది.

ఇంకో కారణం కాలేయం. కాలేయంలోని రక్తవాహికల గోడలకు సుమారు 100 నానోమీటర్ల స్థాయి కిటికీలు ఉంటాయి. వాటిని దాటితేనే హెపటోసైట్లు, అంటే కాలేయపు ప్రధాన కణాలు, అందుతాయి. పాటిసిరాన్ లాంటి మందు గమ్యం ఆ హెపటోసైట్లే కాబట్టి దాని రేణువు 100 దాటకుండా చూసుకోవడం తప్పనిసరి. దాటితే కాలేయంలోని భక్షక కణాలైన కుప్ఫర్ కణాలు, ప్లీహం వాటిని పట్టేస్తాయి. మరో కారణం మరీ సాధారణమైనది, కానీ తయారీలో దాన్ని ఎవరూ తప్పించుకోలేరు: సూక్ష్మజీవరహితం చేయడానికి వాడే వడపోత రంధ్రం 0.22 మైక్రోమీటర్లు. 200 నానోమీటర్లు దాటిన రేణువు ఆ వడపోతలో ఇరుక్కుంటుంది. వేడి చేస్తే లిపిడ్లు, ఆర్‌ఎన్‌ఏ పాడవుతాయి. కాబట్టి ఇంజెక్షన్ మందు కావాలంటే పైహద్దు అక్కడే పడిపోతుంది.

కణితుల విషయంలో ఒక హెచ్చరిక. ఏ పరిమాణం ఎంచుకున్నా ఆశలు నేలమీదే ఉంచండి. చాన్ బృందమే 2016లో అంతకు ముందు పదేళ్ల పరిశోధనలను సమీక్షిస్తే, ఎక్కించిన నానోరేణువుల్లో కణితిని చేరినవి మధ్యస్థంగా 0.7 శాతమే అని తేలింది. లోపలికి వెళ్లాక కూడా కథ ముగియదు. 2013లో లిపిడ్ రేణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వెంబడించిన గిల్లెరాన్, సహచరులు, ఎండోజోమ్ (లోపలికి వచ్చిన రేణువును చుట్టి ఉండే పొరసంచి) నుంచి బయటపడి సైటోప్లాజంలోకి చేరిన, జన్యువును నిశ్శబ్దం చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ అయిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ 1–2 శాతమే అని లెక్కగట్టారు. ఆర్‌ఎన్‌ఏ మందుల మీద పనిచేసేవాళ్లు పరిమాణాన్ని 80 నుంచి 60కి దించడానికి ఆరు నెలలు వెచ్చించే బదులు, ఎండోజోమ్‌ను చీల్చే లిపిడ్ రసాయనం మీద ఆ కాలం వెచ్చిస్తే ఎక్కువ లాభపడతారు.

200 నుంచి 500 మధ్య ఉన్నవాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2004లో రేయ్‌మాన్, హూక్‌స్ట్రా బృందం బి16 అనే ఎలుక చర్మ క్యాన్సర్ కణాల మీద చూపించినట్టు, భక్షక గుణం లేని కణాలు కూడా 500 నానోమీటర్ల పూసలను మింగగలవు, కానీ చాలా నెమ్మదిగా, వేరే దారిలో. 200 లోపువి క్లాత్రిన్ దారిలో వెళ్తే, 500వి ప్రధానంగా కేవియోలే అనే వేరే రకం పొర గుంటల దారిలో వెళ్లాయి. 1,000 నానోమీటర్ల పూసలను ఆ కణాలు అసలు తీసుకోలేదు. ప్రవేశ మార్గాలను పోల్చే పరిశోధన చేసేవాళ్లకు తప్ప, ఈ పరిమాణం ఎంచుకోవడానికి నాకు గట్టి కారణం కనిపించదు.

మైక్రోమీటర్లు: మాక్రోఫేజ్ కావాలనుకుంటే

ఇక్కడ లెక్కంతా తిరగబడుతుంది. 2008లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో జూలీ ఛాంపియన్, సమీర్ మిత్రగోత్రి బృందం మాక్రోఫేజ్‌లకు వివిధ పరిమాణాల పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ గోళాలు ఇస్తే, అవి 2–3 మైక్రోమీటర్ల వాటికే అన్నిటికంటే ఎక్కువగా అతుక్కుని మింగాయి. ఇది బ్యాక్టీరియా పరిమాణం. బ్యాక్టీరియాను పట్టి మింగడమే మాక్రోఫేజ్ వృత్తి కనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

మనదేశంలో దీని ప్రాముఖ్యం ఎక్కువ, కారణం క్షయ. ప్రపంచంలో క్షయ రోగులు అత్యధికంగా ఉన్నది భారతదేశంలోనే. ఆ బ్యాక్టీరియా దాక్కునేది ఊపిరితిత్తుల వాయుకోశాల్లోని మాక్రోఫేజ్‌ల లోపల. పీల్చే మందు ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే దాని గాలిగత వ్యాసం (గాలిలో ప్రయాణించే తీరును బట్టి లెక్కించే వ్యాసం) 1 నుంచి 5 మైక్రోమీటర్లు ఉండాలి. అంతకంటే పెద్దవి గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో ఆగిపోతాయి. చాలా చిన్నవాటిలో కొంత భాగం లోపల నిలవకుండా తిరిగి ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. అంటే ఊపిరితిత్తులకు అనువైన పరిమాణం, మాక్రోఫేజ్ ఇష్టపడే పరిమాణం ఒకటే. రిఫాంపిసిన్ లాంటి మందును 2–3 మైక్రోమీటర్ల పాలిమర్ గోళాల్లో పెట్టి పీల్పించే ఆలోచన ఈ రెండూ కలిసిన చోట పుట్టింది. ఈ పనికి 50 నానోమీటర్ల రేణువు ఎంచుకోవడం అంటే ప్రకృతి ఇచ్చిన అనుకూలతను వదులుకోవడమే.

మాక్రోఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే? 1997లో డేవిడ్ ఎడ్వర్డ్స్ బృందం చక్కని ఉపాయం చూపింది. 5 మైక్రోమీటర్ల కంటే పెద్దవైన, కానీ లోపలంతా రంధ్రాలతో తేలికగా ఉన్న గోళాలు తయారుచేశారు. సాంద్రత తక్కువ కావడంతో గాలిలో చిన్నవాటిలా ప్రయాణించి లోతుకు చేరతాయి, చేరాక వాటి అసలు పరిమాణం మాక్రోఫేజ్‌కు మింగుడుపడదు. మందు నెమ్మదిగా విడుదల కావాలనుకునే వాళ్లకు ఇది మంచి మార్గం.

మైక్రోమీటర్ల రేణువులను నేరుగా రక్తనాళంలోకి ఎక్కించాలని మాత్రం ఆలోచించకండి. సన్నని రక్తకేశనాళికల వ్యాసం 5–10 మైక్రోమీటర్లే. అంతకంటే పెద్దవి మొదట ఎదురయ్యే ఊపిరితిత్తుల కేశనాళికల్లో చిక్కుకుంటాయి. ఊపిరితిత్తుల స్కానింగ్‌కు వాడే అల్బుమిన్ ముద్దలు 10–90 మైక్రోమీటర్లు ఉండేలా చేసేది అందుకే, అక్కడ చిక్కుకోవడమే వాటి పని.

ఆకారం సంగతి ఒక్క మాట. మాక్రోఫేజ్ దీర్ఘవృత్తాకార రేణువును మొన వైపు నుంచి తాకితే నిమిషాల్లో మింగుతుంది. చదునైన వైపు తాకితే గంటలు గడిచినా దాని మీద పరుచుకుని ఉంటుందే గానీ మింగదు. మొదటి ప్రాజెక్టులో గోళాలకే కట్టుబడి ఉండండి.

బంగారమా, పాలిస్టైరీనా?

ఒకే పరిమాణమైనా పదార్థం మారితే పళ్లెంలో ఫలితం మారుతుంది. అందరూ తేలిగ్గా వదిలేసే విషయం ఇది. కణాలు పళ్లెం అడుగున ఉంటాయి, రేణువులు పైనున్న ద్రవంలో ఉంటాయి. అవి కణాన్ని చేరడానికి రెండు దారులు: యాదృచ్ఛికంగా తిరుగుతూ తాకడం, బరువుకు కిందికి దిగడం. స్టోక్స్ సూత్రంతో లెక్క కడితే 37 డిగ్రీల దగ్గర 100 నానోమీటర్ల బంగారు రేణువు గంటకు సుమారు అర మిల్లీమీటరు కిందికి దిగుతుంది. ద్రవం లోతు 3 మిల్లీమీటర్లు ఉంటే ఆరు గంటల్లో దాదాపు అన్నీ కణాల మీద కూర్చుంటాయి. అదే 100 నానోమీటర్ల పాలిస్టైరీన్ గంటకు ఒకటి రెండు మైక్రోమీటర్లే దిగుతుంది, అంటే లేనట్టే. 14 నానోమీటర్ల బంగారం గంటకు పది మైక్రోమీటర్లు.

దీని అర్థం ఏమిటంటే, బంగారంతో చేసిన ప్రయోగంలో పెద్ద రేణువు ఎక్కువగా కనిపిస్తే అది కణం ఇష్టమో, భూమ్యాకర్షణో మీకు తెలియదు. 2011లో యూనాన్ షియా బృందం కణాలను తలకిందులుగా, ద్రవం పైభాగాన ఉంచి ఇదే పరీక్షించింది. మామూలుగా ఉంచిన కణాల్లోకే ఎక్కువ బంగారం వెళ్లింది, దిగే వేగం ఎక్కువైన రేణువుల్లో ఆ తేడా మరీ పెద్దది. కాబట్టి పరిమాణం ప్రభావాన్ని మాత్రమే చదవాలనుకుంటే పాలిస్టైరీన్ లేదా లిపిడ్ లాంటి తేలికైన పదార్థం ఎంచుకోండి. కణంలో ఎంత పోయిందో కచ్చితంగా కొలవడం ముఖ్యమైతే బంగారం మేలు, ఎందుకంటే కణంలో సహజంగా బంగారం ఉండదు, మూలకాల మోతాదు కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం దాన్ని అతి సూక్ష్మ మోతాదులోనూ పట్టేస్తుంది. బంగారమే వాడక తప్పకపోతే తలకిందుల పళ్లెం పరీక్ష ఒకటి జోడించండి.

సీసా మీది అంకె, పళ్లెంలోని అంకె

సీసా మీద 50 అని రాసి ఉండవచ్చు. అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎండిన రేణువు వ్యాసం. కణం చూసేది దాన్ని కాదు. సిట్రేట్ పూతతో ఉన్న బంగారాన్ని నేరుగా ఉప్పులున్న కల్చర్ ద్రవంలో పోస్తే క్షణాల్లో గుంపులు కట్టి, ఎర్రటి రంగు ఊదాగా, నీలంగా మారుతుంది. అప్పుడు మీరు చదువుతున్నది 50 నానోమీటర్ల ప్రవేశం కాదు, కొన్ని వందల నానోమీటర్ల ముద్దల ప్రవేశం. సీరం ఉన్న ద్రవంలో ప్రొటీన్లు రేణువు చుట్టూ తొడుగులా పేరుకుంటాయి. ఆ తొడుగు వ్యాసాన్ని పెంచడమే కాదు, మీరు శ్రమపడి అతికించిన, గ్రాహకాన్ని పట్టే లైగాండ్‌ను కప్పేయవచ్చు. 2012లో డబ్లిన్ పరిశోధకులు సీరం లేని ద్రవంలో సిలికా రేణువులు కణాలకు గట్టిగా అంటుకుని ఎక్కువగా లోపలికి వెళ్లడం చూపించారు. సీరం లేకుండా వచ్చిన పెద్ద అంకె చూసి మురిసిపోకూడదు, రక్తంలో ఆ పరిస్థితి ఎప్పుడూ ఉండదు.

అందుకే డైనమిక్ లైట్ స్కాటరింగ్ (చెదిరే కాంతితో ద్రవంలోని రేణువు వ్యాసం తేల్చే పద్ధతి) కొలత నీటిలో ఒకటి, మీరు వాడబోయే అసలు కల్చర్ ద్రవంలో ఒకటి, 37 డిగ్రీల దగ్గర గంట తర్వాత ఒకటి తప్పక తీసుకోండి. ఆ యంత్రం ఇచ్చే సగటును కూడా జాగ్రత్తగా చదవాలి. చెదిరే కాంతి వ్యాసం ఆరో ఘాతానికి పెరుగుతుంది కనుక, ఒక 500 నానోమీటర్ల ముద్ద పది లక్షల 50 నానోమీటర్ల రేణువులంత వెలుగిస్తుంది. కొద్దిపాటి ముద్దలున్నా సగటు ఎగబాకుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రం పక్కన పెట్టుకుని చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది.

కొనే ముందు, కొలిచే ముందు

మీ గమ్యం తెలిస్తే ఎంపిక ఇలా ఉంటుంది. పళ్లెంలోని క్యాన్సర్ కణాల మీద గ్రాహక ఆధారిత ప్రవేశం చూడాలంటే 40–60. లింఫ్ గ్రంథులకు టీకా చేరాలంటే 20–50. బిగుసుకున్న కణితి అయితే 30. రక్తంలో తిరుగుతూ ఎక్కువ మందు మోయాలంటే, కాలేయానికి ఆర్‌ఎన్‌ఏ పంపాలంటే 70–100. మాక్రోఫేజ్‌కు, క్షయకు 2–3 మైక్రోమీటర్లు. మూత్రంలో పోవాల్సిన చిత్రణ పదార్థానికి 5.5 లోపు.

ఒకే పరిమాణం కొని ప్రయోగం చేయడాన్ని నేను ప్రోత్సహించను. డబ్బు తక్కువుంటే ఖరీదైన లైగాండ్ మానుకోండి గానీ, ఒకే పదార్థం, ఒకే పూత ఉన్న మూడు పరిమాణాలు కొనండి. మెరిసే పాలిస్టైరీన్ పూసలు 40 లేదా 50, 200, 1,000 నానోమీటర్లలో సులువుగా దొరుకుతాయి. ఆ మూడింటితో మీ కణం స్వభావం మీకే తెలుస్తుంది. సమాన బరువు ఇవ్వాలా, సమాన సంఖ్య ఇవ్వాలా అన్నది ముందే నిర్ణయించి నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఒక మిల్లీలీటరులో సమాన బరువు ఇస్తే 50 నానోమీటర్ల పూసల సంఖ్య 1,000 నానోమీటర్ల పూసల సంఖ్యకు 8,000 రెట్లు ఉంటుంది, అది చిన్న తేడా కాదు.

మెరుపును నేరుగా పోల్చకండి. పూస నిండా రంగు ఉంటే 200 నానోమీటర్ల పూస ఒక్కటే 50వి 64 కలిసినంత మెరుస్తుంది. కణాల మెరుపును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ ఇచ్చిన అంకెను ఒక్కో పూస మెరుపుతో భాగించాకే పోల్చాలి. పైన అంటుకుని ఉన్నవాటిని లోపలికి వెళ్లినవిగా లెక్కించే ప్రమాదమూ ఉంది. 4 డిగ్రీల దగ్గర కణం శక్తి ఖర్చుపెట్టి మింగలేదు కాబట్టి, అక్కడ కనిపించే మెరుపంతా అంటుకున్నదే. ఆ పరీక్ష ప్రతి పరిమాణానికీ విడిగా చేయండి, ఎందుకంటే పెద్ద పూసలు ఎక్కువగా అంటుకుంటాయి. ఫ్లోరెసీన్ రంగు పూస పైన ఉంటే ట్రిపాన్ బ్లూ అనే రంగు పోసి బయటి మెరుపును ఆర్పవచ్చు. రంగు పూస లోపల ఉంటే ఆ ఉపాయం అంతగా పనిచేయదు, కాన్ఫోకల్ మైక్రోస్కోపులో పొరలు పొరలుగా చూడాలి.

రేణువులను కణాలతో ఎంతసేపు ఉంచాలన్నది కూడా పరిమాణంతో పాటే తేల్చుకోవాలి. 2012లో డబ్లిన్‌లో డాసన్ బృందం 40 నానోమీటర్ల పాలిస్టైరీన్ రేణువులతో చూపించినట్టు, లోపలికి వెళ్లినవి బయటికి రావు గానీ కణం విభజన చెందినప్పుడు రెండు పిల్లకణాలకూ పంచబడతాయి. 24 గంటల తర్వాత ఒక్క కొలతే తీసుకుంటే, వేగంగా పెరిగే కణంలో తక్కువ, నెమ్మదిగా పెరిగే కణంలో ఎక్కువ కనిపిస్తుంది, పరిమాణానికి ఇందులో పాత్ర లేకపోయినా. నేనైతే 1, 2, 4, 8 గంటల దగ్గర కొలిచి, మొదటి రెండు మూడు కొలతల వాలును పోలుస్తాను. చివరి కొలత రోజున పళ్లెంలోని కణాల సంఖ్యను కూడా లెక్కించి పక్కన రాస్తాను.